గ్రాడ్యుయేషన్ వేదిక మీద జమీలా అడుగులు

మా ముత్తాత నరసింగరావు గారు కృష్ణకు ఉత్తరాన ఒక పరగణాకు దేశ్‌ముఖ్. ఆయన తన కోటలాంటి గడిలో కచేరీ చావడిలోకి అడుగుపెడితే కూర్చున్నవాళ్ళంతా లేచేవాళ్ళు. ఆయన చెయ్యి ఊపితేనే మళ్ళీ కూర్చునేవాళ్ళు. మా తాత లక్ష్మణరావు గారికి నిజాం దర్బారులో కుర్చీ ఉండేది. మా నాన్న మాధవరావు గారికి ఆ కుర్చీ గురించిన కబుర్లు మిగిలాయి. నాకు నడక మిగిలింది. వీపు నిటారుగా ఉంచి, అడుగు చప్పుడు కాకుండా, చూపు పక్కకు తిప్పకుండా నడవడం చిన్నప్పుడే గడి వరండాలో నేర్పించారు. పోలీసు యాక్షన్ తర్వాత జాగీరు పోయింది, ఆ వెనకే భూములు పోయాయి. నడకను ఎవరూ జప్తు చేయలేదు. దాన్నే పట్టుకుని డెబ్బైలలో కువైట్ వెళ్ళి, ఒక భారతీయ పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేరాను. వైస్ ప్రిన్సిపల్‌గా రిటైరయ్యాను.

గల్ఫ్ బడుల్లో ఉద్యోగానికి వెళుతున్న కుర్రాళ్ళు, ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి, "సార్, అక్కడ పని ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. జీతం, ఇఖామా అనే నివాస అనుమతి, సెలవుల సంగతి వాళ్ళకు ఏజెంటు చెబుతాడు. నేను చెప్పదగ్గది ఒకటే ఉంది. నేను చేసిన ఒక తప్పు, దాన్ని సరిచేసుకున్న తీరు.

నా పని

లెక్కలు చెప్పడం నా ఉద్యోగం. కానీ బడిలో నా పేరు నిలబడింది గ్రాడ్యుయేషన్ డే వల్ల. పన్నెండో తరగతి పాసైన పిల్లలు గౌన్లు వేసుకుని వేదిక ఎక్కి పట్టా అందుకునే వేడుక అది. దాన్ని నడిపించే బాధ్యత నాది. వారం రోజులు రిహార్సల్ చేయించేవాణ్ణి. వేదిక మీద తెల్ల టేపు అంటించి అడుగులు గుర్తు పెట్టేవాణ్ణి. మెట్టు దగ్గర నుంచి ముఖ్య అతిథి దాకా పదకొండు అడుగులు. ఎడమ చేత్తో పట్టా, కుడి చేత్తో కరచాలనం, తల వంచి నమస్కారం, అటు దిగిపోవడం. చివరి పిల్లవాడు దిగేదాకా చప్పట్లు లేవు. ఇంత నిశ్శబ్దంగా వేడుక జరిగే బడి కువైట్‌లో ఇంకొకటి లేదని తల్లిదండ్రులు చెప్పుకుంటే నా వీపు ఇంకాస్త నిటారయ్యేది.

ఇందులో ఒక మర్మం ఉంది. వేదిక మీద మేమిచ్చేది పట్టా కాదు. ఎర్ర రిబ్బను కట్టిన ఖాళీ కాగితపు చుట్ట. అసలు కాగితాలు, అంటే టీసీ, నడవడిక సర్టిఫికెట్, అప్పటికే వైస్ ప్రిన్సిపల్‌నైన నా గదిలో స్టీలు బీరువాలో ఉండేవి. లైబ్రరీ పుస్తకం బాకీ ఉన్నవాడు, జుట్టు పెంచినవాడు, టీచరుకు ఎదురు చెప్పినవాడు వచ్చి సరిచేసుకున్నాకే సంతకం పెట్టేవాణ్ణి. ఈ పద్ధతి పెట్టింది నేనే. చాలా తెలివైన పద్ధతి అనుకునేవాణ్ణి.

ఆ సాయంత్రం

1990లో, వేసవి సెలవులకు ముందు జరిగిన వేడుక. కామర్సు పిల్లల్లో జమీలా అనే అమ్మాయి వంతు వచ్చింది. హైదరాబాదు ఏసీ గార్డ్స్‌ నుంచి వచ్చిన సిద్దీ కుటుంబం వాళ్ళది. పూర్వీకులు ఆఫ్రికా తీరం నుంచి వచ్చి నిజాం కొలువులో కావలి చేసినవాళ్ళు. తండ్రి సాలెహ్ కువైట్ శివారు సబ్హాన్‌లో బస్సుల మెకానిక్కు. ఖైతాన్‌లో రెండు గదుల ఫ్లాటులో ఉండేవాళ్ళు. ఆ ఇంట్లో పన్నెండో తరగతి దాటిన మొదటి మనిషి జమీలాయే. ఫస్టు క్లాసు.

పేరు పిలవగానే హాలు వెనక వరుసలో సాలెహ్ లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టాడు. మామూలు చప్పట్లు కావు. మూడు దెబ్బలు, చిన్న విరామం, మళ్ళీ రెండు. జమీలా మెట్టెక్కి నా తెల్ల టేపు మీద ఒక అడుగు వేసింది. ఆగింది. తండ్రి వైపు చూసింది. ఇక అంతే, భుజాలు కదిలాయి, మడమలు చెక్క వేదికను కొట్టాయి, గౌను అంచులు ఎగిరాయి. నా పదకొండు అడుగుల దూరాన్ని ఆ పిల్ల ముప్ఫై అడుగుల్లో దాటింది. రెండు చుట్లు తిరిగి, ముఖ్య అతిథి చేతిలో చుట్ట అందుకుని, నెత్తిన పెట్టుకుంది. హాలంతా చప్పట్లు. ముఖ్య అతిథి కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టాడు.

నేను మైకు తీసుకున్నాను.

"ఇది గ్రాడ్యుయేషన్. బరాత్ కాదు. దిగు."

హాలు నిశ్శబ్దమైపోయింది. నాకు అలవాటైన నిశ్శబ్దమే. జమీలా చుట్ట నెత్తి మీది నుంచి తీసి, టేపు మీద నేను నేర్పిన నడకతో దిగిపోయింది. మిగతా పిల్లలు కూడా అలాగే నడిచారు. వేడుక సమయానికి పూర్తయింది.

వాదన

మర్నాడు స్టాఫ్ రూములో పెద్ద చర్చ. మా పీటీ మాస్టారు నా పక్షం.

"అమెరికాలో నల్ల పిల్లలు ఇట్లానే స్టేజీ మీద ఎగురుతారంట సార్. క్యాసెట్లు చూసి నేర్చుకుంటున్నారు" అన్నాడు.

ప్రిన్సిపల్ మేడమ్ మలయాళీ. తక్కువ మాట్లాడే మనిషి.

"అమెరికా వాళ్ళకు ఎక్కడి నుంచి వచ్చింది మాస్టారూ? మనుషుల్ని ఓడల్లో కుక్కి తీసుకుపోతే వాళ్ళతో పాటు పోయింది. ఈ పిల్ల ముత్తాతను ఇంకో ఓడలో ఇటు తెచ్చారు. క్యాసెట్టు ఎందుకు?" అంది.

"ఎక్కడి నుంచి వచ్చినా వేదిక వేదికే" అన్నాను.

"మీ పిల్లల పెళ్ళిలో బాజా ఉండదా?"

"పెళ్ళి వేరు. చదువు వేరు."

ఆ తేడా ఎవరు పెట్టారని ఆమె అడిగింది. గంట కొట్టారు, లేచిపోయాను.

ఆ వారమే సాలెహ్ టీసీ కోసం వచ్చాడు. గ్రీజు మరకలున్న చేతుల్ని వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను కూర్చోమనలేదు. తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సార్, బిడ్డను హైదరాబాద్ల బీకాంకు పంపిస్తున్న. కాగితాలిస్తే పోతా."

"క్షమాపణ ఉత్తరం రాయమనండి. ఇస్తాను."

"ఏమని రాయాలె?"

"వేదిక మర్యాద తప్పానని."

అతను కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"సార్, మా ముత్తాతకు పేరు మార్చిన్రు. బాస పోయింది. వాళ్ళ ఊరి పేరేందో మాకు తెల్వది. ఒక్క అడుగులే మిగిలినయి. మా ఇంట్ల బిడ్డ పుట్టినా, కొలువు దొరికినా, జ్వరం తగ్గినా సుత ఆడతరు. సంతోషం నోటితోని చెప్పుడు మాకు రాదు, కాళ్ళతోనే చెప్తం. అది మర్యాద తప్పుడెట్లయితది?"

"మా గడిలోనూ దసరాకు డోళ్ళు, మర్ఫా బాజా మోగేవి. కానీ అవి ఊరేగింపులో, వాకిట్లో. కచేరీ లోపలికి కాదు."

అతని కళ్ళు మెరిశాయి. "మర్ఫానా? ఎవరు కొట్టేటోళ్ళు సార్?"

"పట్నం నుంచి పిలిపించేవాళ్ళు."

"పట్నంల మర్ఫా అంటె మేము, అరబ్బోళ్ళే గద! మీ పల్లకీ ముంగట నడిచింది మా తాతలే గావచ్చు దొరా." పెద్దగా నవ్వాడు. "ఐతే మనం కొత్తోళ్ళం గాదు. మీ వాకిట్ల ఆడినం. మా బిడ్డ లోపలికొచ్చి ఆడింది. గంతే తేడా."

చెప్పాలంటే ఆ నిమిషంలోనే నాకు అర్థం కావలసింది. నాకు కోపం వచ్చింది. మా ఇంటి వైభవంలో ఇంకొకరికి వాటా ఉందని ఒక మెకానిక్కు నా గదిలో కూర్చుని చెబుతాడా అనుకున్నాను.

"ఉత్తరం తెస్తే కాగితాలు" అన్నాను.

"అది రాయదు. నేను రాయమన" అని లేచాడు.

ప్రిన్సిపల్ మేడమ్ సెలవులకు ఊరెళుతూ, "ఆ పిల్ల ఫైలు వదిలేయండి, సీటు పోతుంది" అని చెప్పి వెళ్ళింది. బడి తెరిచాక చూద్దామన్నాను. బీరువాకు తాళం వేశాను. తాళంచెవి నా జేబులో ఉంది.

బడి తెరవలేదు

ఆగస్టులో ఒక పొద్దున లేచి కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ఇరాకీ ట్యాంకులున్నాయి. తర్వాతి రోజుల గురించి చాలామంది చెప్పారు, నేను కొత్తగా చెప్పను. రొట్టె కోసం వరుసలు, మూతపడిన బ్యాంకులు, తమ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఎక్కడికి పారిపోయాడో తెలియని పనివాళ్ళు. మా వాళ్ళను బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేర్చి, అక్కడి నుంచి విమానాల్లో పంపుతున్నారు. మా బడి ఆవరణ పేర్లు రాసుకునే చోటైంది. వరుస నిలబెట్టడం నాకు తెలిసిన పని కాబట్టి బల్ల వేసుకుని నేనే కూర్చున్నాను.

ఆవరణంతా మూటలు. కబ్ద్ ప్రాంతపు తోటల్లో పనిచేసే కడప మనుషులు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, సూట్‌కేసుల మీద కూర్చున్న విజయవాడ ఇంజనీర్లు. ఆఫీసు భాగాన్ని మాత్రం ఇరాకీ సైనికులు ఆక్రమించారు. టైపు మిషన్లు, ఫ్యాన్లు లారీలకెక్కిస్తున్నారు.

ఒక ఉదయం వరుసలో జమీలా వచ్చింది. తండ్రి గేటు బయట బస్సు ఇంజను కింద పడుకుని ఉన్నాడు. సబ్హాన్‌లో మూలపడ్డ బస్సుల్ని బాగుచేసి ఆ ప్రయాణానికి తెస్తున్నది అతనే.

"కాగితాలు?" అన్నాను, అందరినీ అడిగినట్టే.

"పాస్‌పోర్టు, మార్కుల మెమో ఉన్నాయి సర్. టీసీ మీ దగ్గరుంది."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది. వాళ్ళ బస్సు మధ్యాహ్నం బయల్దేరుతుంది. హైదరాబాదు కాలేజీలో కువైట్ నుంచి వచ్చే పిల్లలు కదా అని కొంత గడువు ఇచ్చారట గానీ టీసీ లేకుండా చేర్చుకోరు. ఈ బస్సు వెళ్ళాక ఆ బీరువా లారీ ఎక్కితే ఆ పిల్ల చదువు అక్కడితో సరి. జీవితంలో మొదటిసారి వరుస మధ్యలో బల్ల వదిలి లేచాను.

పక్కన మా బడి ఆయా ఓబులమ్మ ఉంది. రాజంపేట మనిషి. పదేళ్ళుగా అరబ్బుల ఇళ్ళల్లో, బడిలో పనిచేసి అరబ్బీ బాగా పట్టింది.

"యాడికి సారూ?"

"ఆఫీసుకు. జమీలా కాగితాలు."

"ఇప్పుడు గుర్తొచ్చినాయా! ఆ బిడ్డ నాలుగడుగులు ఏసిందని రెండు నెల్లు బీరువాలో పెట్టి పూజ చేస్తిరే. పదండి, నేనూ వస్తా. మీరు ఆ మాదిరి కర్ర మింగినట్ల నడిస్తే వాళ్ళు కాల్చేస్తారు. కొంచెం వంగండప్పా!"

వంగలేదు. వంగడం రాలేదు. ఆమె నాకంటే ముందు నడిచింది.

నా గదిలో, నా కుర్చీలో ఒక నడివయసు సైనికుడు రబ్బరు చెప్పులతో కూర్చుని టీ తాగుతున్నాడు. ఓబులమ్మ చేతులు తిప్పుతూ చెప్పింది. షహాదా అని ఒకసారి అంది, అంటే సర్టిఫికెట్. బీరువాను చూపించింది. అతను ఏదో అడిగాడు. ఆమె నన్ను చూపించి ఏదో చెప్పి, ఉన్నచోటే రెండడుగులు గెంతింది. డాన్సు చేసిన పిల్ల కథ చెబుతోందని నాకు అర్థమైంది. అతను టీ గ్లాసు కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసి, ఒక మాట అన్నాడు. ఓబులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నాడు?"

"చెప్తే కోప్పడతారు."

"చెప్పు."

"'మేము ఫ్యాన్లు ఎత్తుకపోతాంటే దొంగలంటాండారు. ఈ ముదీర్, అదే బడి పెద్ద, పిల్ల కాగితం ఎత్తిపెట్టుకున్నాడే, ఈయన్ని ఏమంటారు?' అంటాండాడు."

గోడ మీద ఫ్యాను ఊడదీసిన చోట రెండు వైర్లు వేలాడుతున్నాయి. జేబులోంచి తాళంచెవి తీశాను. అతను కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. "యల్లా."

జమీలా ఫైలు ఒక్కటే కాదు, నేను ఆపిపెట్టిన ఇంకో తొమ్మిది ఫైళ్ళున్నాయి. ఒకడు పుస్తకం పోగొట్టాడు. ఇంకొకడు బూట్లకు పాలిష్ పెట్టలేదు. ఆ కారణాలు నా చేతిరాతలోనే ఉన్నాయి, చదువుతుంటే సిగ్గేసింది. అన్నిటికీ అక్కడే నిలబడి సంతకాలు పెట్టాను. స్టాంపు ప్యాడ్ ఎండిపోయింది. ఓబులమ్మ సైనికుడి గ్లాసులోంచి నాలుగు చుక్కల టీ దాని మీద ఒంపింది. నడవడిక అన్న గడిలో జమీలాకు 'ఉత్తమం' అని రాశాను. నా సర్వీసులో ఆ మాట అంతకుముందు ఇద్దరికే రాశాను.

బెంచీ మీద

గేటు దగ్గర బస్సు ఇంజను మొదలైంది. జమీలాకు కాగితం ఇచ్చి, "ఆ రోజు నేనన్న మాట తప్పమ్మా" అన్నాను.

ఆ పిల్ల కాగితం తీసుకోలేదు.

"ఆ మాట మైకులో అన్నారు సర్. ఇది చెవిలో చెబుతున్నారు."

పక్కన ఓబులమ్మ, "బాగా అడిగినావు బిడ్డా!" అంది.

మైకు లారీ ఎక్కి ఎప్పుడో పోయింది. అక్కడో బెంచీ ఉంటే దాని మీదికెక్కాను. ఆవరణలో మూటల మీద కూర్చున్న వాళ్ళంతా బస్సు సంగతి చెబుతాననుకుని లేచారు. నన్ను చూసి అంతమంది ఒక్కసారిగా లేవడం అదే చివరిసారి. గొంతు చించుకుని చెప్పాను. ఈ అమ్మాయి పన్నెండో తరగతి ఫస్టు క్లాసులో పాసైందని, వేదిక మీద సంతోషంతో ఆడిందని, అందరి ముందు దిగమన్న నేను తప్పు చేశానని, ఇప్పుడు అందరి ముందే పట్టా ఇస్తున్నానని. పేరు పిలిచాను.

జమీలా గేటు దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి బయల్దేరింది. వీపు నిటారుగా, అడుగు చప్పుడు లేకుండా, చూపు తిప్పకుండా. అచ్చం నేను. ఓబులమ్మ పకపక నవ్వింది. పది అడుగులు అలా వచ్చి, పదకొండోది పైకెత్తి ఆపింది. సాలెహ్ స్పానరుతో బస్సు రేకును కొట్టాడు. మూడు దెబ్బలు, విరామం, రెండు. ఇక ఆ పిల్ల ఆడింది. కడప ఆడవాళ్ళు కోలాటం చప్పట్లు అందుకున్నారు. లయ కలవలేదు, ఎవరికీ పట్టలేదు. ఆఫీసు మెట్ల మీద రబ్బరు చెప్పుల సైనికుడు కూడా నిలబడి చూశాడు.

కాగితం అందుకుని ముందు నడవడిక గడి చదివింది. తర్వాత, "పుట్టిన తేదీ తప్పు పడింది సర్" అంది. కొట్టేసి, సరిచేసి, పక్కన చిన్న సంతకం పెట్టాను. బస్సు వెళ్ళింది. నేను పదిహేను రోజుల తర్వాత, మిగిలిన తొమ్మిది ఫైళ్ళు దిండు గలేబులో పెట్టుకుని బయల్దేరి, హైదరాబాదు నుంచి అందరికీ పోస్టు చేశాను. జమీలాకు సీటు వచ్చింది.

కొత్తగా చేరేవాళ్ళకు

యుద్ధం ముగిశాక బడి మళ్ళీ తెరిచి ప్రిన్సిపల్ మేడమ్ నాకు ఉత్తరం రాసింది. వెళ్ళాను. ఖాళీ చుట్టల పద్ధతి ఎత్తేశాను. అసలు కాగితం వేదిక మీదే ఇచ్చాం. తెల్ల టేపు తీసేశాం. ఆడాలనుకున్నవాళ్ళు ఆడవచ్చు, మామూలుగా నడిచేవాళ్ళు నడవచ్చు అన్నాం.

వాదన ఆగలేదు. కొందరు తల్లిదండ్రులు చదువు పరువు పోయిందన్నారు. ఇది సిద్దీలు తెచ్చిన ఆట అని నేనంటే స్టాఫ్ రూములో ఇంకొకరు, "ఆడటం అందరికీ ఉన్నదే, దీనికి ఆఫ్రికా పేరెందుకు?" అన్నారు. అప్పటికి తిరిగొచ్చిన సాలెహ్‌ను పిలిపించి మాట్లాడించాం. ఈసారి కుర్చీ నేనే లాగి ఇచ్చాను. అతను ఒక్క మాటన్నాడు. "తిట్టినప్పుడు అది మాది అన్నరు. నచ్చినంక అందరిది అంటున్రు. అందరిదే అయితె మంచిదే సార్, గని ఎవరు తెచ్చిన్రో చెప్పుండ్రి." ఆ ఏడాది కార్యక్రమ పత్రంలో ఆ సంగతి రెండు వాక్యాలుగా అచ్చు వేయించాను. ఒక బెంగాలీ కుర్రాడు చాలా ఘోరంగా ఆడాడు. చప్పట్లు కొట్టాను.

నాకు ఇప్పటికీ నిశ్శబ్దంగా నడిచే పిల్లలే ఎక్కువ నచ్చుతారు. దాన్ని దాచను. అది నా పెంపకం. కానీ నా పెంపకాన్ని ఇంకొకరి కాళ్ళకు కట్టే హక్కు నాకు లేదు. పిల్లల కాగితం మీ బీరువాలో ఒక్కరోజు కూడా ఎక్కువ ఉంచకండి. మర్యాద నేర్పేముందు, ఆ పిల్ల ఇంట్లో మర్యాద అంటే ఏమిటో అడగండి. అడగడానికి అయిదు నిమిషాలు పడుతుంది. నాకు ఒక యుద్ధం పట్టింది.

యుద్ధం తర్వాత మేడమ్ పిలిచినప్పుడు కువైట్‌కు తిరిగి వెళ్ళడానికి విమానం టికెట్టు, వీసా ఖర్చులు నా దగ్గర లేవు. మాకు మిగిలిన గడి ముఖద్వారానికున్న రెండు టేకు తలుపుల్ని కర్నూలులో ఒక కలప వ్యాపారికి అమ్మాను.